తాడు అవతలి మనిషి

సుబ్బయ్య చేసే పని తాడు పట్టడం.

అహోబిలానికి ఎగువన నల్లమలలో వాళ్ళ గూడెం. చెంచువాళ్ళు. బంక, చింతపండు, దుంపలు, తేనె. అడవి ఏది ఇస్తే ఆ నెల బతుకు అది. అన్నిటిలోకీ నమ్మకమైనది తేనె. అక్కడి పెద్ద తేనెటీగలు పెర, అంటే పట్టు, పెట్టేది చెట్లకు కాదు, మనిషి చెయ్యి అందని బండచరియల కడుపున. ఒకడు నడుముకు నారతాడు కట్టుకుని చరియ అంచు మీదుగా కిందికి దిగుతాడు. ఇంకొకడు పైన కూర్చుని, తాడును ఒక చెట్టు మొదలుకు ఒక్క చుట్టు చుట్టి, కొనను చేతుల్లో పెట్టుకుంటాడు. కిందినుంచి వచ్చే గుంజులను బట్టి వదలడం, బిగించడం, పైకి లాగడం అతని పని.

దిగేవాడు ఎవరైనా కావచ్చు. పట్టేవాడు మాత్రం దిగేవాడి బామ్మర్ది కావలసిందే. తోడబుట్టిన అన్నదమ్ముడు కూడా పనికిరాడు. అన్నదమ్ముల మధ్య ఏదో ఒక తగాదా ఉంటుంది, బామ్మర్దికి మాత్రం అక్క బొట్టు మీద కన్ను ఉంటుంది, చెయ్యి వదలడు. గూడెంలో ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పరు. అందరికీ తెలుసు. బామ్మర్ది లేనివాడు తేనె జోలికి పోడు.

సుబ్బయ్య అక్క మద్దమ్మ. ఆమె మొగుడు ఆదెన్న. మద్దమ్మకు తోడబుట్టినవాడు సుబ్బయ్య ఒక్కడే. ఆదెన్న తాడు మీద దిగిన ప్రతిసారీ పైన ఉన్నది సుబ్బయ్యే.

1978 వేసవిలో ఒక ఉదయం అక్కాతమ్ముడు తేనె అమ్ముకోవడానికి ఆళ్ళగడ్డ వచ్చారు. అమ్మడం అయిపోయింది. బస్టాండు ఎదుట రంగయ్య టీకొట్టు దగ్గర నిలబడ్డారు. సుబ్బయ్య చేతిలో గ్లాసు జారి కింద పడింది. గొంతులోంచి ఒక అరుపు వచ్చింది, మనిషి అరుపులా లేదు. కట్టెలా బిగుసుకుని వెల్లకిలా పడ్డాడు. ఆ తరువాత కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది.

"మూర్ఛప్పా, మూర్ఛ! ఇనుము పెట్టండి చేతిలో!" అన్నాడు ఎవడో. రంగయ్య కొట్టు తాళంచెవుల గుత్తి తెచ్చి సుబ్బయ్య పిడికిట్లో దూర్చబోయాడు. ఒకతను చెప్పు విడిచి ముక్కు దగ్గర పెట్టాడు. ఇంకొకతను సోడా కొట్టి మొహాన పోశాడు. మద్దమ్మ తమ్ముడి తలను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నోటివెంట నురగ, నురగలో నెత్తురు. ఆమె ఏడవలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏడవమని చూస్తున్నట్టు అనిపించింది. ఆమెకు ఏడుపు రాలేదు.

కొట్టుకోవడం ఆగింది. గురక పెట్టి నిద్రపోయాడు. కళ్ళు తెరిచేసరికి గోచీ తడిసి ఉంది, నాలుక కరుచుకుని ఉంది.

"అక్కా, ఏందీ ఇంతమంది? ఎవరన్నా సచ్చినారా?"

"నువ్వే నాయనా," అన్నాడు రంగయ్య. "పోయి తిరిగొచ్చినావు. నా గ్లాసు మటుకు రాలే."

ఆ గుంపులో రంగనాథం ఉన్నాడు. దిగువ అహోబిలంలో గుడి వంటశాలలో పనిచేస్తాడు, సరుకుల కోసం వచ్చాడు. గూడెంవాళ్ళను ఎరుగును. "మద్దమ్మా, నంద్యాలలో దావీదు డాక్టరని ఉన్నాడు. ఇట్లాంటివి చూస్తాడు. బస్సెక్కండి," అన్నాడు.

"సామీ, మొక్కుబడేదన్నా తప్పినామేమో. సామికి కోపమొచ్చిందేమో."

"మీ చెంచుల ఆడపడుచును చేసుకున్నాడు గదా ఆయన. మీ అల్లుడు. అత్తగారింటోళ్ళ మీద కోపమొస్తే కొండమీదే చూసుకుంటాడు గాని ఆళ్ళగడ్డ బస్టాండు దాకా వస్తాడా? మొక్కుకోండి, వద్దనను. ముందు బస్సెక్కండి."

ఎక్కారు.

దావీదుది నంద్యాల స్టేషనుకు పోయే దారిలో చిన్న సొంత ఆసుపత్రి. పేదవాళ్ళు ఇచ్చింది తీసుకుంటాడని పేరు. సుబ్బయ్యను బల్ల మీద పడుకోబెట్టి కళ్ళల్లో లైటు వేసి చూశాడు. మోకాళ్ళ మీద చిన్న సుత్తితో కొట్టాడు. కళ్ళు మూసుకుని నిలబడమన్నాడు, గీత మీద నడవమన్నాడు.

"ముందు జొరమేమన్నా వచ్చిందా?"

"ల్యాదు."

"తల మీద దెబ్బ? ఎప్పుడన్నా, చిన్నప్పుడన్నా?"

"ల్యాదు సార్."

"మీ ఇండ్లల్లో ఇంకెవరికన్నా ఇట్ల వచ్చిందా?"

మద్దమ్మ లేదంది.

"సారా తాగుతావా?"

"పండక్కి."

"మొన్న ఏమన్నా పండగొచ్చిందా?"

"మాకు పండగ రావాలంటే మీ జోబీలో దుడ్లు మా జోబీలోకి రావాల సార్," అన్నాడు సుబ్బయ్య, వాచిన నాలుకతో.

డాక్టరు నవ్వాడు. తరువాత నవ్వు మాని, స్టూలు దగ్గరికి లాక్కుని ఇద్దరికీ ఎదురుగా కూర్చున్నాడు. ఆ కాలంలో ఒక చెంచు మనిషికి ఎదురుగా కూర్చుని మాట్లాడిన డాక్టరు నాకు తెలిసి అరుదు. అది దావీదు మంచితనం. అది కూడా రాయాలి.

"కారణమేదీ కనబళ్ళే. కారణం లేకుండా కూడా వస్తాది. ఒక్కసారి వచ్చినంత మాత్రాన దీన్ని మూర్ఛరోగం అనం. ఇట్ల ఒకసారి వచ్చినోళ్ళలో ఇంచుమించు సగం మందికి మళ్ళీ వస్తాది. సగం మందికి బతికినన్నాళ్ళూ రాదు. నీ తమ్ముడు ఏ సగంలో ఉన్నాడో నేను చెప్పలేనమ్మా. మద్రాసుకు పోయినా చెప్పలేరు."

"వస్తే ఎప్పుడొస్తాది సార్?" అంది మద్దమ్మ.

"వచ్చేదుంటే ఎక్కువమందికి మొదటి ఏడాదిలోనే. అందులోనూ మొదటి కొన్ని నెలల్లో. రెండేండ్లు గడిస్తే భయం బాగా తగ్గుతాది. పూర్తిగా పోదు."

"మందు ల్యాదా?"

"ఉంది. గార్డినాల్ అని మాత్ర. వేసుకుంటే వచ్చే అవకాశం తగ్గుతాది. మాన్పే మందు కాదు, అణిచిపెట్టే మందు. నిద్రమత్తుగా ఉంటాది. పైగా ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఉన్నట్టుండి మానకూడదు, మానితే అదే తెప్పిస్తాది. అందుకని కొందరు డాక్టర్లు మొదటిసారికే ఇస్తారు, కొందరు రెండోసారి వచ్చిందాకా ఆగుతారు. మనిషి చేసే పనిని బట్టి చూడాల. ఏం పని నీది?"

"తేనెకు పోతాం."

"బండల మీద దిగుతావా?"

"నేను దిగను సార్. మా బావ దిగుతాడు. నేను పైన చెట్టుకింద కూచుంటా."

అందులో ఒక్క అబద్ధం లేదు.

"మంచిది," అన్నాడు డాక్టరు. ఆయన మొహంలో బరువు దిగినట్టు కనిపించింది. "కూచునే పనైతే మాత్ర ఇప్పుడే వద్దు. ఆగి చూద్దాం. ఎత్తు, నీళ్ళు, నిప్పు, మూడింటికీ దూరంగా ఉండు. మళ్ళీ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో ఇనుము పెట్టేది, నోట్లో గుడ్డలు కుక్కేది, అవేమీ వద్దు. వానలు పడినాక ఒకసారి వచ్చి కనబడండి."

మన ఆసుపత్రుల్లో అడిగే ప్రశ్నలన్నీ బల్ల మీద పడుకున్నవాడి గురించే. నువ్వు పడితే నీకేమవుతుంది అని అడుగుతారు. నువ్వు పడితే ఇంకెవరు పడతారు అని అడగరు. లారీ డ్రైవరు వస్తే అడుగుతారేమో. లారీ ఏమిటో డాక్టరుకు తెలుసు. నారతాడు ఏమిటో తెలియదు. చదివించిన ప్రభుత్వానికీ తెలియదు. అడవిలో ఏ పని ఎట్లా జరుగుతుందో పుస్తకంలో రాయించాల్సినవాళ్ళకు ఆ అక్కర ఎన్నడూ పుట్టలేదు.

ఆళ్ళగడ్డ తిరుగు బస్సులో మద్దమ్మ కిటికీ వైపు చూస్తూ అడిగింది.

"తాడు సంగతి చెప్పలేదేమిరా?"

"ఆయప్ప అడగలే."

"అడక్కపోతే చెప్పకూడదా?"

"చెప్తే తాడు ముట్టొద్దంటాడు. అప్పుడు బావ ఏం జేస్తాడు? నువ్వేం తింటావు? పిల్లోళ్ళు ఏం తింటారు?"

 సగం మందికి వస్తుంది, సగం మందికి రాదు అన్నది తమ్ముడి గురించి. అదే సగం తన మొగుడి మీద కూడా పడుతోందని మద్దమ్మకు అర్థమైంది. అర్థమైనప్పుడు భయం పుట్టాలి. పుట్టలేదు. చలికాలం తెల్లవారి వాగులో దిగినప్పుడు కాళ్ళు కాళ్ళలా ఉండవు, అట్లా అయిపోయింది ఆమెకు లోపలంతా.

గూడెం చేరేసరికి వార్త ముందే చేరింది. ఆదెన్న గుడిసె ముందు కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు.

"ఏంరా బామ్మర్దీ, ఆళ్ళగడ్డ బజార్లో ఆట కట్టినావంట. ఎంత వసూలైంది?"

"ఒక గ్లాసు పగిలింది బావా."

"డాక్టరేమన్నాడు?"

సుబ్బయ్య అక్క వైపు చూశాడు. మద్దమ్మ కుండ దించి నీళ్ళు ముంచుకుంటోంది.

"మందు అక్కరల్యా అన్నాడు. చెట్టుకింద కూచునే పనైతే ఏం కాదన్నాడు."

"ఇంకేం మరి," అన్నాడు ఆదెన్న. కత్తి అంచును బొటనవేలితో చూసుకున్నాడు.

ఆ వేసవి వాళ్ళు తేనెకు పోయారు. ఈసారి మద్దమ్మ కూడా వెంట నడిచింది. తాడు దగ్గరికి ఆడవాళ్ళు రావడం ఆ గూడెంలో లేదు. "యాడికి? ఈగలకు పెండ్లి పిలుపా?" అన్నాడు ఆదెన్న. ఆమె వాళ్ళ వెనకే నడిచింది. ఆదెన్న కూడా మళ్ళీ అడగలేదు.

ఆదెన్న దిగుతాడు. సుబ్బయ్య చెట్టు మొదలుకు పాదాలు తన్నిపెట్టి తాడు పట్టుకుంటాడు. మద్దమ్మ పక్కన కూర్చుని తమ్ముడి మొహం చూస్తుంది. కన్ను అదిరిందా, పెదవి వంకర పోయిందా, గొంతులో ఏదన్నా మెదిలిందా. మొదటిరోజు ఆమె గుండె కొట్టుకుంది. తరువాత తరువాత ఆ దడ కూడా తగ్గింది. ఆకు రాలడం చూసినట్టు చూసింది. ఏమీ కాలేదు. మళ్ళీ పోయారు. ఏమీ కాలేదు.

సీజను చివర ఒక మధ్యాహ్నం కిందినుంచి గుంజు వచ్చింది. సుబ్బయ్య కదల్లేదు. మళ్ళీ వచ్చింది. అతను తన కుడిచేతి బొటనవేలి వైపే చూస్తున్నాడు. అది సన్నగా వణుకుతోంది. కింద ఆదెన్న గొంతు వినిపిస్తోంది. మద్దమ్మ తమ్ముడి భుజం మీద గట్టిగా కొట్టింది. అతను ఉలిక్కిపడి తాడు లాగాడు. ఆదెన్న అంచు పట్టుకుని పైకి ఎక్కాడు, బుగ్గలు, పెదాలు వాచి ఉన్నాయి.

"ఏందిరా, నిద్రపోతాండావా? నేనాడ వేలాడతాంటే ఈగలన్నీ నా మూతికి ముద్దులు పెడతాండాయి!"

"కునుకు పట్టింది బావా," అన్నాడు సుబ్బయ్య.

దారిలో ఆదెన్న ముందు నడిచాడు. మద్దమ్మ వెనకపడి తమ్ముణ్ణి అడిగింది.

"వచ్చిందా?"

"ల్యాదక్కా. వస్తాదేమోనని చూసుకుంటాండా. వేలు వణికింది. అదేనేమో అనుకున్యా. గుంజు వచ్చినట్టే తెలియలే."

మూర్ఛ రాలేదు. వస్తుందేమోనన్న కాపలా వచ్చింది. కాపలా కాసేవాడి చేతులు తాడు మీద ఉండవని మద్దమ్మకు ఆరోజు తెలిసింది.

వానలు పడ్డాక డాక్టరు రమ్మన్నాడు కాబట్టి నంద్యాల పోయారు. ఈసారి సుబ్బయ్య నోరు తెరవకముందే మద్దమ్మ చెప్పింది. చెట్టు, తాడు, చరియ, ఆదెన్న, వణికిన వేలు. వరసగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది.

దావీదు చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు.

"తాడుకు అవతల ఉండేది?"

"మా ఇంటాయన."

"ఎంత లోతు?"

"కిందపడినోళ్ళను ఏరుకోని వచ్చేదే సార్. మోసుకోని వచ్చేది ఉండదు."

ఆయన సుబ్బయ్య వైపు తిరిగాడు. కోపంగా ఉంటాడనుకున్నారు. లేడు. "అడగాల్సింది నేను. చెప్పాల్సింది నువ్వు. ఇద్దరమూ ఎగ్గొట్టినాం," అన్నాడు. "ఇప్పుడు లెక్క మారింది. నీ ఒక్కడిదైతే ఆగి చూద్దునే. మాత్ర మొదలుపెడదాం. రెండేండ్లు. తాడు మటుకు ముట్టొద్దు."

"మాత్ర ఏసుకుంటే పట్టుకోవచ్చు గదా సార్?" అన్నాడు సుబ్బయ్య.

"తగ్గుతాదన్నానే గాని రాదనలే. పైగా మత్తుగా ఉంటావు. గుంజు వస్తే తెలిసేదానికి ఇంకాస్త సేపు పడుతుంది."

"రెండేండ్లు!"

"ఇంకెవరన్నా పట్టకూడదా?"

"పట్టకూడదు."

"ఎందుకు?"

"బామ్మర్దే పట్టాల సార్."

"బామ్మర్ది లేనోళ్ళు?"

"దుంపలు తవ్వుకుంటారు."

 డాక్టరు మాత్రలు పొట్లం కట్టి మద్దమ్మ చేతికిచ్చాడు. "అయిపోకముందే రావాల. వాగులొస్తాయి, బస్సు ల్యాదు అని కూచోవద్దు. ఉన్నట్టుండి మానితే ఇంతకుముందు కంటే ప్రమాదం," అన్నాడు.

తాడు పట్టనని చెప్పడం మాటలు కాదు ఆ గూడెంలో. బామ్మర్ది తాడు పట్టనన్నాడంటే బావ చావు కోరుతున్నాడని, అక్కను వెనక్కి తీసుకుపోవడానికి సిద్ధపడ్డాడని అర్థం. అట్లా అన్న ఒకటి రెండు సందర్భాల్లో ఆ కాపురాలు నిలవలేదు. సుబ్బయ్య ఆ మాటను బావ గుడిసె ముందు నిలబడి చెప్పాడు. డాక్టరు మొదటిసారి చెప్పినదీ, తాము దాచినదీ అన్నీ చెప్పాడు.

ఆదెన్న విన్నాడు. "అంటే పోయిన ఎండాకాలమంతా నేను మీ అక్కాతమ్ముడి పుణ్యాన బతికినానా?"

ఆదెన్న లేచి నిలబడ్డాడు.

"ఒకరికి తెలిసి, ఇద్దరికి తెలిసి. వేలాడేవాడికి తప్ప అందరికీ తెలిసి."

"నేను పడతా తాడు," అంది మద్దమ్మ.

"నువ్వా?"

"వాడు నా బొట్టు కోసమే గదా పట్టేది. ఆ బొట్టు నాది. నాకుండే అక్కర ఇంకెవరికుంటాది?"

"పొయ్యికాడ మనకు రోజూ పడే తగాదా యాడికి పోతాది? కింద నేను వేలాడతాంటే నీకు నిన్నటి మాట గుర్తొస్తే?"

"నిన్ను సంపాలనుకుంటే కొండదాకా ఎందుకు, ఇన్నేండ్లలో గంజిలోనే కలిపేదాన్ని."

గుడిసెల ముందు ఒకరిద్దరు నవ్వారు. ఆదెన్న నవ్వలేదు. పెద్దవాళ్ళు ఆడమనిషి తాడు పట్టడం కుదరదన్నారు. వాళ్ళ మాటకు అక్కడ తిరుగు లేదు. ఆదెన్న మద్దమ్మను పుట్టింటికి పొమ్మనలేదు. అది ఒక్కటే చేయలేదు. తాడును గుడిసె చూరులో చెక్కి, పైపంచె భుజాన వేసుకుని, శ్రీశైలం డ్యాము పనులకు కూలీలు కావాలంటున్నారని విని సున్నిపెంట వెళ్ళిపోయాడు.

చరియ మీద నిలబడితే ఈగ రెక్క చప్పుడుతో గాలి ఎటు తిరిగిందో తెలుసుకునే మనిషి, సున్నిపెంట ఎండలో కంకర తట్టలు మోశాడు. ఒక మనిషికి ఒక్కసారి మూర్ఛ వస్తే ఇంకొక మనిషి బతుకు ఎక్కడికి పోయిందో ఏ ఆఫీసులోనూ రాసి ఉండదు. తేనె కొనేవాళ్ళు ఆ ఏడు తేనె తగ్గిందేమని కూడా అడగలేదు.

సుబ్బయ్య మాత్రలు వేసుకున్నాడు. రాత్రి ఒకటి. తెల్లవారితే తల మీద తడిసిన గోనె కప్పినట్టుండేది. పిలిస్తే కొంచెం ఆగి పలికేవాడు. నవ్వు కూడా ఆలస్యంగా వచ్చేది, అందరూ నవ్వి ఊరుకున్నాక. నార తీసేవాడు, తాళ్ళు పేనేవాడు, వేరేవాళ్ళ కోసం. వాగులు పొంగినప్పుడు మద్దమ్మ చుట్టుదారిన దిగి ఆళ్ళగడ్డ చేరి, నంద్యాల పోయి మాత్రలు తెచ్చేది. ఒక్కసారీ తప్పలేదు.

సుబ్బయ్యకు అవతలి గూడెంలో రాజమ్మ అనే పిల్లను అనుకున్నారు ముందే. మూర్ఛ సంగతి తెలిశాక వాళ్ళు "రెండోసారి వస్తాదో రాదో చూద్దాం" అన్నారు. అనడంలో తప్పేమీ లేదు. డాక్టరు అన్నదీ అదే. చూస్తూ చూస్తూ ఆ పిల్లను ఇంకొకరికి ఇచ్చారు. పెండ్లికి సుబ్బయ్య కూడా పోయి తిని వచ్చాడు.

"ఏం తమ్ముడా, బాధగా ఉందా?" అంది మద్దమ్మ.

అతను కొంచెం ఆగి, "ఉండాలనుకుంటాండా," అన్నాడు. "తెలియడంల్యా. ఈ మాత్రలు యాడ పనిచేస్తాయో ఏమో."

మూర్ఛ రాలేదు. మొదటి ఏడాది రాలేదు. రెండో ఏడాదీ రాలేదు.

గడువు దాటాక దావీదు మాత్రలు తగ్గించడం మొదలుపెట్టాడు. ఒకటి సగం చేశాడు, సగాన్ని రోజు విడిచి రోజు చేశాడు, కొన్ని నెలల మీద పూర్తిగా మాన్పించాడు. ఆఖరిసారి సుబ్బయ్య అడిగాడు.

"ఇంక రాదా సార్?"

"మిగతా మనుషులందరికంటే రవ్వంత ఎక్కువ భయం నీకు. రవ్వంతే."

"ఆ రవ్వంత తాడుకు సరిపోతాదా?"

డాక్టరు కాగితం మీద గీతలు గీస్తూ కూర్చున్నాడు. "తాడు పట్టమని నేను చెప్పలేను. వద్దని చెప్పేదానికి కారణం ఇంతకుముందంత ల్యా. ఇది నీ ఒక్కడిది కాదు. తాడు అవతలి మనిషిని అడగండి. మొదటిసారి అడగలేదు గదా," అన్నాడు.

మద్దమ్మ సున్నిపెంట పోయింది. కూలీల గుడిసెల్లో ఆదెన్నను వెతికి పట్టుకుని, డాక్టరు చెప్పినది చెప్పినట్టు చెప్పింది. రవ్వంతను దాచలేదు. తగ్గించలేదు. పెంచలేదు.

ఆదెన్న తట్ట బోర్లించి దాని మీద కూర్చుని విన్నాడు.

"నువ్వేమంటావు?"

"నేనేమీ అనను. వేలాడేది నువ్వు."

"ఈడ నిన్న ఒకడి మీద బండ పడింది. ఆడికి ఏ డాక్టరూ ముందు సగమా రవ్వంతా అని చెప్పలే," అన్నాడు ఆదెన్న. లేచి తట్ట పక్కన పడేశాడు. "పోదాం పా."

1981 ఎండాకాలంలో ముగ్గురూ చరియ మీదికి నడిచారు. చూరులోని తాడు చీకిపోయింది. సుబ్బయ్య పేనిన కొత్త తాడు తెచ్చుకున్నారు. ఆదెన్న నడుముకు కట్టుకున్నాడు. సుబ్బయ్య చెట్టు మొదలుకు చుట్టి కొన అందుకున్నాడు. అతని వెనక మద్దమ్మ కూర్చుని, తమ్ముడి చేతులు దాటి మిగిలిన తాడును తన నడుముకు చుట్టుకుని ముడి వేసుకుంది. గూడెం పెద్దలు వద్దన్నది అదే.

ఆదెన్న చూశాడు. ఏదో ఒక సూటిపోటి మాట అంటాడని ఇద్దరూ చూశారు.

"బిగించి కట్టుకో. జారుతాది," అన్నాడు.

దిగాడు. ఈగలను తోలడానికి అతను పెట్టిన పొగ లేచింది. ఈగలు నల్లగా లేచి సూర్యుడికి అడ్డం వచ్చాయి. గుంజు వచ్చింది, సుబ్బయ్య వదిలాడు. గుంజు వచ్చింది, బిగించాడు. కిందినుంచి తేనె బుట్ట వచ్చింది, మనిషి వచ్చాడు. ఏమీ కాలేదు. ముగ్గురూ నీళ్ళు తాగి కొండ దిగారు. ఆ సాయంత్రం సంతోషంగా ఉండాల్సింది. ఎవరూ అట్లా లేరు. బాధగానూ లేరు. పిల్లలు మాత్రం పెరను నమిలి మైనం ఉమ్మేస్తూ ఆడుకున్నారు.

ఆ తరువాతి ఏళ్ళన్నీ అట్లాగే జరిగాయి. పెద్దలు మొదటి ఏడాది గొణిగారు, తరువాత చూసీ చూడనట్టు ఊరుకున్నారు. ఇంకో గూడెంలో ఒక ఆడమనిషి కూడా తాడు వెనక కూర్చుంటోందని విన్నాను, ఎంతవరకు నిజమో తెలియదు. మూర్ఛ మళ్ళీ రాలేదు. మాత్రల వల్ల రాలేదా, రానిదే కాబట్టి రాలేదా అన్నది దావీదు కూడా చెప్పలేకపోయాడు. చెప్పలేనని ఒప్పుకున్నాడు. ఆ మాత్రం ఒప్పుకోవడం కూడా వైద్యంలో భాగమే అనుకుంటాను.

1987లో ఆదెన్న చూపు మందగించింది. చరియ అంచు రెండుగా కనిపిస్తోందన్నాడు. ఆ ఎండాకాలం చివరి పెర కోసి పైకి వచ్చి, నడుముకున్న తాడు విప్పి కింద పడేశాడు.

"చాలురా బామ్మర్దీ. ఇంక దిగను. ఇంకెవరన్నా దిగనీ."

అని బుట్ట నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. మద్దమ్మ నడుము ముడి విప్పుకుంటోంది.  సుబ్బయ్య చెట్టు మొదట్లో అట్లాగే కూర్చుని ఉన్నాడు. కాళ్ళు ముందుకు చాపాడు. చేతులు వెల్లకిలా ఒళ్ళో పడేసుకున్నాడు, బొటనవేలి వైపు చూడలేదు. వాటిని అట్లా వదిలేసి కూర్చోవడం మద్దమ్మ చాలా ఏళ్ళుగా చూడలేదు.

"లెయ్, పోదాం," అంది.

"పోదాంలే అక్కా," అన్నాడు. "ఇంక వస్తే రానీ."